బావగారి పొట్ట మీద రాళ్ళు

ఆ ఇంట్లో పెద్దకోడలు లేదు. అయినా ఆవిడ చిన్నకోడలే. బావగారు ఎప్పుడో ఒకప్పుడు పెళ్ళి చేసుకుంటాడు, పెద్దకోడలు వస్తుంది అని అత్తగారు మొదట్లో ఆ స్థానం ఖాళీగా అట్టిపెట్టింది. ఏళ్ళు గడిచాయి, బావగారి జుట్టు నెరిసింది, స్థానం మాత్రం అలాగే ఉండిపోయింది. పాలవాడికీ, పక్కింటి దర్జీ ఆవిడకీ, వీధి చివర మందుల షాపాయనకీ కూడా ఆవిడ చిన్నకోడలే. ఎవరైనా సొంత పేరుతో పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆవిడే వెనక్కి తిరిగి చూసేది.

బావగారు కూలర్ల మేస్త్రి. ఫ్యాన్లు కూడా బాగుచేసేవాడు గానీ కూలరంటే ఆయనకి ప్రాణం. ఏడాదిలో ముప్పాతిక వంతు నెత్తి మాడిపోయే ఊరు కనక ఆయనకి పనికి కొదవ లేదు. ఇంటి ముందు గదే షాపు. అందులో రేకుపెట్టెలు, మోటార్లు, కట్టలు కట్టలుగా కూలర్ గడ్డి, వీటి మధ్య ఒక పడక కుర్చీ, ఆ కుర్చీ నిండా ఆయన. మనిషి భారీ. ఒంట్లో పొయ్యి పెట్టుకుని పుట్టాడని కన్నతల్లే అనేది. వాన కురిసినా ముసురు పట్టినా నెత్తిమీద ఫ్యాన్ గిర్రున తిరగాల్సిందే, లేకపోతే ఆయనకి కన్ను మూతపడదు. ఆయన పక్కన కూర్చుంటే మిట్టమధ్యాహ్నం మేడమీద కూర్చున్నట్టు ఉంటుందని తమ్ముడు ఎప్పుడూ ఎదుటి గోడవార దూరంగా కూర్చుని భోంచేసేవాడు. ఆ తమ్ముడే చిన్నకోడలి మొగుడు. లారీ డ్రైవరు, ఇంట్లో ఉన్న రోజులకంటే రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ.

చిన్నకోడలు పెళ్ళికి ముందునించీ ఊరి బయట కోడిగుడ్లు పొదిగించే చోట పనిచేసింది. ట్రేల్లోంచి పిల్లల్ని తీసి, కుంటివి పక్కనపెట్టి, మంచివి అట్టపెట్టెల్లో సర్ది పంపడం ఆవిడ పని. ఎన్ని వేల పిల్లలు ఆవిడ అరచేతుల్లోంచి నడిచిపోయాయో లెక్క లేదు, ఒక్కటీ ఆవిడది కాదు. ఆ వ్యాపారం మూతపడ్డప్పుడు యజమాని సామానంతా అమ్మేస్తుంటే, మూల పడున్న చిన్న పొదిగే మిషన్ ఒకటి తను కొనుక్కుని తెచ్చుకుంది. చూడ్డానికి పాత బీరువాలా ఉంటుంది. దాన్ని పెరటి గదిలో పెట్టింది. ఆ గదిలో అప్పటిదాకా బావగారి కూలర్ గడ్డి ఉండేది. మర్యాదస్తుడు కనక సగం గది వదిలాడు, మిగతా సగంలో గడ్డి ఉంచుకున్నాడు.

అక్కడే వచ్చింది అసలు తంటా. మొదటి విడత గుడ్లు పెట్టాక చిన్నకోడలికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఏమయ్యాయో, ఎలా ఉన్నాయో అని గంటకోసారి తలుపు తీసి చూడ్డం. తీసినప్పుడల్లా లోపలి వేడి బయటికి. పిల్లలు రాలేదు, గుడ్లు కుళ్ళాయి, నడి ఎండాకాలంలో ఒకదాని తరవాత ఒకటి టపటపా పేలాయి. ఆ కంపంతా పక్కనున్న గడ్డి పీల్చుకుంది. ఈ సంగతి తెలియని బావగారు ఆ గడ్డే తీసుకెళ్ళి వీధిలో అందరి కూలర్లకీ కొత్తగా అమర్చి వచ్చాడు. ఆ మధ్యాహ్నం ప్రతి ఇంట్లోనూ చల్లగా, హాయిగా, కుళ్ళిన గుడ్డు గాలి వీచింది. వాంతుల బిళ్ళలన్నీ అమ్ముడుపోయాయని మందుల షాపాయన ఒక్కడే సంతోషించాడు.

ఆనాటినించీ బావగారు చిన్నకోడలితో మాట్లాడ్డం మానేశాడు. ఒకే గదిలో ఎదురెదురుగా ఉన్నా సరే, మాట వాళ్ళమ్మకి చెప్పేవాడు, వాళ్ళమ్మ కోడలికి చెప్పేది. చెవులున్న మనిషి వినదా అంటే వింటుంది, అయినా పద్ధతి పద్ధతే. మధ్యలో అత్తగారికి మంచి కాలక్షేపం. ఇటునించి అటు వెళ్ళేలోపు ప్రతి మాటకీ ఆవిడ కాస్త ఉప్పూకారం తగిలించేది. “గడ్డి మళ్ళీ కొనుక్కోవాలి” అని ఆయనంటే, “వాడు నీ మీద అగ్గిమీద గుగ్గిలమైపోతున్నాడే” అని ఈవిడకి చేరేది.

పోయిన నెల ఆయన అమ్మతో ఆఖరి మాట చెప్పేశాడు. “ఇంకొక్క విడత చూస్తాను. నీ కోడలి మిషన్ పిల్లల్ని తీస్తే ఆ గది జోలికి నేను రాను. తియ్యకపోతే మిషన్ బయటికి, నా కూలర్లు లోపలికి. ఇది పందెం.” అత్తగారు ఈ ఒక్క మాటకి మాత్రం ఏమీ కలపలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. చిన్నకోడలు తల ఊపి, వెళ్ళి మిషన్‌లో కొత్త గుడ్లు సర్ది, తలుపుకి తాళం వేసి, తాళం చెవి అత్తగారి చేతిలో పెట్టింది. తను అడిగినా ఇవ్వొద్దంది. ఆ గది పోతే తనకంటూ ఇంక ఏదీ ఉండదని, మిగతా ఇల్లంతా ఎవరో ఒకరిదేనని ఆవిడకి బాగా తెలుసు. భయం వేసింది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

ఈసారి అన్నీ సవ్యంగా నడిచాయి. అత్తగారే తాళం తీసిన ఒక్కసారి దీపం వెలుగులో పట్టి చూస్తే లోపల పిల్లలు నల్లగా, నిండుగా కనిపించాయి. ఇంకో మూడు రోజుల్లో బయటపడతాయనగా, పనీపాటా లేనట్టు చలి వచ్చిపడింది.

చలంటే మామూలు చలి కాదు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎవరూ ఎరగని చలి. పొద్దున్నే పెరట్లో బకెట్టు చూసి, దీనిమీద గాజుపలక ఎవరు పెట్టారని అత్తగారు అడిగింది. వేలితో పొడిస్తే పలక విరిగి నీళ్ళలో మునిగింది. కుళాయి తిప్పితే దగ్గింది తప్ప నీరు రాలేదు. ఆ ఇళ్ళు ఎండకోసం కట్టిన ఇళ్ళు. గాలి రావాలని గోడల నిండా కన్నాలు, కిటికీలకి తలుపులకంటే ఊచలే ఎక్కువ, కాలు పెడితే చల్లగా ఉండాలని నున్నటి బండలు. ఇన్నాళ్ళూ ముచ్చటపడి చూసుకున్నవన్నీ ఒక్క రోజులో పగబట్టాయి. స్వెట్టరున్న ఇల్లు వీధి మొత్తమ్మీద లేదు. తువ్వాళ్ళు తలకి చుట్టుకుని, దుప్పట్లు కప్పుకుని, ఆ దుప్పట్ల మీద పరదాలు కప్పుకుని జనం తిరిగారు. పక్కింటి దర్జీ ఆవిడ జాకెట్ల కొలతలకి వాడే గుడ్డబొమ్మని కూడా పక్కలో వేసుకు పడుకున్నానని చెప్పింది. బయటికంటే ఫ్రిజ్‌లోనే వెచ్చగా ఉందని తెలిసి, తాగేనీళ్ళు గడ్డకట్టకుండా అత్తగారు ఫ్రిజ్‌లో దాచింది.

ఇంత జరుగుతున్నా బావగారు ఫ్యాన్ ఆపలేదు. నెంబరు తగ్గించాడంతే. ఆ చప్పుడు లేకపోతే నిద్ర రాదని రెండు దుప్పట్లు కప్పుకుని దాని కిందే పడుకున్నాడు.

ఇళ్ళలో హీటర్లు లేవు కదా, ఎవరికి తోచింది వాళ్ళు ప్లగ్గుల్లో పెట్టారు. ఇస్త్రీ పెట్టెలతో పక్కలు వెచ్చబెట్టినవాళ్ళు కొందరు, నీళ్ళు కాచే కడ్డీలు బకెట్లలో పెట్టి చుట్టూ కూర్చున్నవాళ్ళు కొందరు. వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మరు మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, ఢామ్మని పేలి చేతులెత్తేసింది. లైన్‌మన్ వచ్చి చూసి, దుప్పటి సర్దుకుని, కొత్తది రావాలని, దారులన్నీ మంచుతో మూసుకుపోయాయని, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని చెప్పి వెళ్ళాడు. చిన్నకోడలి మొగుడి లారీ కూడా ఆ దారుల్లోనే ఎక్కడో ఇరుక్కుంది. క్షేమమేనని ఒక్క మాట చెప్పి అతని ఫోను చచ్చిపోయింది.

మిషన్‌కున్న బ్యాటరీ కాసేపు లాగి ఊరుకుంది. చిన్నకోడలు అత్తగారి దగ్గర తాళం చెవి తీసుకుని, సీసాల్లో వేడినీళ్ళు పోసి మిషన్‌లో పెట్టింది. అవి చల్లారితే మళ్ళీ కాచింది. అలా కాచి కాచి సాయంత్రానికి గ్యాసు అయిపోయింది, మరో సిలిండరు వచ్చే దారి లేదు. అప్పుడిక అత్తగారి మంచం గుర్తొచ్చింది. బావగారు చూడకుండా షాపులోంచి కొత్త గడ్డి రెండు కట్టలు కొట్టుకొచ్చి మంచం మీద గూడులా పరిచింది. గుడ్లలో చాలావరకు అందులో సర్ది, వాటి పక్కన అత్తగారిని పడుకోబెట్టి, ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ పైన కప్పింది. అటూ ఇటూ దొర్లొద్దని చెప్పింది.

“మొగుడు పోయాక ఇన్నాళ్ళకి నా పక్కలోకి ఇవొచ్చాయా” అంది అత్తగారు దుప్పట్లోంచి.

కొన్ని గుడ్లు చిన్నకోడలు తన పొట్టకి కట్టుకుంది. కానీ ఆవిడ కూర్చునే మనిషి కాదు. నీళ్ళు తేవాలి, పాత చెక్కపెట్టెలు పగలగొట్టి పొయ్యి రాజెయ్యాలి, లేచినప్పుడల్లా చలిగాలి చీరలోకి దూరుతుంది. ఇంకా పన్నెండు గుడ్లు మిగిలిపోయాయి. వాటిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక ముందు గదిలోకి చూసింది.

ముందు గదిలో పడక కుర్చీలో బావగారు పడుకుని ఉన్నాడు. ఆయన పొట్టమీద పిల్లి పడుకుని ఉంది. ఆ పిల్లికీ ఆయనకీ జన్మలో పడదు. ఆయన తుమ్మితేనే గోడ దూకే పిల్లి అది. అలాంటిది ఇల్లంతా వెతుక్కుని, ఎక్కడ వెచ్చగా ఉందో చూసుకుని, పౌరుషం చంపుకుని ఆ పొట్టెక్కి గురగురలాడుతోంది. చిన్నకోడలు పిల్లిని చూసింది, పొట్టను చూసింది, ఒళ్ళోని గుడ్లను చూసుకుంది. నవ్వాపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

అదృష్టం కొద్దీ ఆ పొద్దునే కూలరొకటి ఎత్తబోయి బావగారికి నడుం పట్టేసింది. చిన్నకోడలు గుడ్లు పట్టుకుని పరుగున దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళింది. దర్జీ ఆవిడ సంగతి విని మెషీన్ మీద తల పెట్టుకుని నవ్వి, నవ్వి, మెత్తటి పాత దుప్పటి చింపి, వెడల్పాటి పట్టీ కుట్టింది. గుడ్డుకో జేబు, జేబుకో మూత. మేస్త్రిగారి కొలత తనకి కంటి లెక్కేనని, రెండు దుప్పట్లయినా పట్టేదని అంది.

ఇక మిగిలింది ఆ పట్టీ ఆ పొట్టకి చేర్చడం. మాటలు లేని మనిషికి మందు ఎలా ఇస్తాం? ఆ పని అత్తగారు ఒప్పుకుంది. పక్క దిగి, గుడ్లకి దిళ్ళు కాపలా పెట్టి, పట్టీ తీసుకుని కొడుకు దగ్గరికి వెళ్ళింది. చిన్నకోడలు తలుపు వెనక నిలబడింది.

“ఒరేయ్ పెద్దాడా, ఇది నడుం నొప్పికి. దర్జీ ఆవిడ పుట్టింటి వైద్యం. ఏటి రాళ్ళు కాచి జేబుల్లో పెట్టారు. పొట్టమీద కట్టుకుంటే వెనకాల నొప్పి ముందుకి లాగేస్తుంది.”

ఆయన పట్టీ చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ ఆడించాడు. తలుపు వెనక చిన్నకోడలికి ప్రాణం గిలగిల్లాడింది.

“ఇంత తేలికేమిటమ్మా రాళ్ళు?”

“వైద్యం రాళ్ళురా. ఇల్లు కట్టుకునే రాళ్ళు కావు.”

తల్లి పట్టీ చొక్కా లోపల కట్టి, పైన శాలువా చుట్టి, దానిమీద దుప్పట్లు కప్పి, పథ్యం చెప్పింది. బోర్లా పడుకోకూడదు. పక్కకి ఒత్తిగిల్లకూడదు. కుర్చీలోనే కూర్చోవాలి, కుర్చీలోనే నిద్రపోవాలి. పిల్లిని దగ్గరికి రానివ్వకూడదు. ఎల్లుండి దాకా విప్పకూడదు. ఇంతవరకు కోడలు చెప్పి పంపినవే. ఆఖరిది మాత్రం అత్తగారి సొంతం. అస్సలు కోప్పడకూడదంది. అరిస్తే పొట్ట అదురుతుందని, పొట్ట అదిరితే రాళ్ళ గుణం పోతుందని చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆ కొడుకు అరుపులు వింటున్న మనిషి, దొరికిన అవకాశం వదులుకుంటుందా?

“ఇది కూడా నీ కోడలి పథ్యమేనా?” అని అడిగాడాయన.

“అన్నీ దర్జీ ఆవిడవే” అంది తల్లి కళ్ళార్పకుండా.

మర్నాడు వీధంతా ఆ వింత చూసి నోరు వెళ్ళబెట్టింది. బావగారు అరవట్లేదు. వీధి కుర్రాళ్ళు షాపులో కొత్త మోటారొకటి కింద పడేసినా అరవలేదు. పాలవాడు ధర పెంచామంటే, సరే అన్నాడు. ఆయన గొంతు వినపడకపోవడంతో దర్జీ ఆవిడ, నాడి చూసి రమ్మని మందుల షాపాయన్ని పంపింది. అది ఆవిడ కొంటెతనం, సంగతంతా ఆవిడకి తెలియదా ఏంటి.

ఇటు లోపల పరిస్థితి బాగాలేదు. చిన్నకోడలు ఒక్కో గుడ్డూ తీసి చెవి దగ్గర పెట్టుకుని వింది. ఈపాటికి లోపల పిల్లలు కిచకిచలాడాలి. అత్తగారి మంచంలో గుడ్లు ఒక్కటీ పలకలేదు. తెల్లవారుజామున అత్తగారు ఆదమరిచి నిద్రపోయింది, నిద్రలో దుప్పట్లన్నీ తనవైపు లాక్కుంది, గోడ కన్నంలోంచి గాలి తిన్నగా గుడ్లమీద కొట్టింది. ఆవిడ ఏం తెలిసి చేసింది గనక, అరవయ్యేళ్ళ అలవాటది. తెలిశాక మాత్రం మొహం చిన్నబుచ్చుకుని మంచం మీంచి లేవలేదు. చిన్నకోడలు తన పొట్టకి కట్టుకున్నవీ చూసుకుంది. అవీ మౌనమే. వాటిని గడ్డిలో పెట్టి, అత్తగారి కాళ్ళదగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది.

“ముందుగదిలో ఉన్నాయి కదే ఇంకా” అంది అత్తగారు.

అవును, అవి ఉన్నాయి. ఇక ఉన్నవల్లా అవే. చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డ అత్తగారికిచ్చి పంపింది. రాళ్ళు ఎండిపోకూడదని చెప్పి ఆవిడ కొడుకు పొట్టమీద తడి అద్ది వచ్చింది. అద్దుతుంటే కొడుకు చొక్కా తనే పైకి పట్టుకుని, చల్లగాలి తగలకుండా దుప్పటి అడ్డం పెట్టుకున్నాడట. బుద్ధిమంతుడయ్యాడు, వాడికి జ్వరమేమో అని అత్తగారు తిరిగొచ్చి చెప్పింది.

అప్పుడే మందుల షాపాయన వచ్చి బావగారి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకోదు. ఈ చలి ఇలాగే ఉంటే కూలర్లు కొనే మొనగాడుండడని, షాపు మూసేసి రగ్గులమ్ముకోమని సలహా ఇచ్చాడు. మామూలు రోజైతే ఆ మాటకి స్టూలు వీధిలో ఉండేది. బావగారు చిరునవ్వు నవ్వాడు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, ఆయన పొట్టలోంచి, కిచ్ అని వినపడింది.

మందుల షాపాయన అటూ ఇటూ చూశాడు. మళ్ళీ కిచ్ కిచ్ అంది.

“ఏంటండీ అది?”

“ఆకలి” అన్నాడు బావగారు.

“ఆకలి అలా అరవదే?”

“నాది అరుస్తుంది. అమ్మా, టీ పెట్టవే.”

తలుపు వెనక చిన్నకోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే ఏది ఆపుకోవాలో తెలియలేదు. ఉన్నాయి, బతికున్నాయి, మాట్లాడుతున్నాయి. పాపం ఈయనేమో పొట్టలో గడబిడ అనుకుంటున్నాడు. మందుల షాపాయన జేబులోంచి గ్యాసు బిళ్ళలు తీసి ఆయన చేతిలో పెట్టి, గంటకొకటి వేసుకోమని, పొట్ట మరీ పాటలు పాడితే కబురు చెయ్యమని చెప్పి వెళ్ళాడు. బావగారు ఆ బిళ్ళలు భద్రంగా దిండు కింద పెట్టుకున్నాడు.

అది మొదలు, ఆ రోజంతా ఆయన కుర్చీ దిగలేదు. తప్పనిసరై పెరట్లోకి వెళ్ళినప్పుడు కూడా రెండు చేతులూ పొట్టకింద పెట్టుకుని, గడపలు చూసుకుంటూ, నిండు చూలాలిలా నడిచాడు. నడుం నొప్పి మరి అంత తీవ్రంగా ఉందని అందరూ జాలిపడ్డారు.

మూడోరోజు మధ్యాహ్నం దారి తెరుచుకుని కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది, దాంతో కరెంటొచ్చింది.

ఇక్కడ ఆ ఊరివాళ్ళ గురించి ఒక సంగతి చెప్పాలి. కరెంటు పోతే వాళ్ళు ఫ్యాన్ స్విచ్ ఆపరు. ఎందుకాపుతారు? ఉక్కలో కూర్చుని కరెంటు కోసం చూసే జనం కదా, అది వచ్చిన క్షణాన గాలి తగలాలి. పుట్టినప్పటినించీ వచ్చిన అలవాటు. ఎముకలు కొరికే చలిలో కూడా ఒక్కరికీ ఆపాలని తోచలేదు. అంచేత కరెంటు రాగానే వీధి వీధంతా, ప్రతి ఇంట్లో ప్రతి గదిలో ఫ్యాన్లన్నీ ఒక్కసారి జోరుగా తిరిగాయి. మంచులాంటి గాలి నెత్తిన పడి జనం కెవ్వుమన్నారు. స్విచ్చెక్కడుందో మరిచిపోయి గోడలు తడుముకున్నారు. గుడ్డబొమ్మతో సహా బయటికొచ్చింది దర్జీ ఆవిడ.

బావగారి గదిలో ఫ్యాన్ అన్నిటికంటే జోరు. నెంబరు తగ్గించినా మేస్త్రి ఫ్యాన్ కదా. నిద్ర పట్టించే ఆ చప్పుడు కోసం మూడు రోజులు మొహం వాచి ఉన్న మనిషి, ఇప్పుడు హాయిగా కళ్ళు మూసుకుంటాడనే చిన్నకోడలు అనుకుంది. ఆవిడ మిషన్ వేడెక్కిందో లేదో చూసుకుని, పట్టీ ఏ వంకతో విప్పించాలా అని ఆలోచిస్తూ గుమ్మంలోకొచ్చింది.

అప్పుడు అరిచాడు బావగారు. ఆ అరుపుకి పిల్లి గోడ దూకింది.

“ఫ్యాన్ ఆపు అమ్మాయ్! పిల్లలకి చలి!”

చిన్నకోడలు పరుగెత్తి స్విచ్ ఆపింది. ఆపిన తరవాత గానీ విన్న మాట బుర్రకెక్కలేదు. ఆవిడ అలాగే స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. ఎండాకాలం నించీ ఆయన తనతో నేరుగా అన్న మొదటి మాట అది.

“పిల్లలా బావగారూ? రాళ్ళు కదా.”

“రాళ్ళట రాళ్ళు. కట్టిన గంటకే ఒకటి తన్నింది. ఏటి రాయి తంతుందా?” అన్నాడాయన. గొంతు తగ్గించేశాడు, రెండు చేతులూ పొట్టచుట్టూ పెట్టుకున్నాడు. “అలా చూస్తావేం, ఇలా రా. మెల్లిగా. ఎడమవైపున్నది చిల్లు పెట్టేసింది. ముక్కు గుచ్చుకుంటోంది నాకు.”

అత్తగారు మంచం దిగొచ్చింది. కొడుకు చొక్కా ఎత్తి, పట్టీ మూత ఒకటి విప్పింది. లోపల పెంకు పగిలి, తడితడిగా, కోపంగా, ఓ చిన్న తల బయటికొచ్చింది. వచ్చీ రాగానే బావగారి వైపు చూసి కిచ్‌మంది. రెండో జేబులోదీ చిల్లు పెట్టింది. మూడోది కదులుతోంది. చిన్నకోడలు మోకాళ్ళమీద కూర్చుని ఒక్కోటీ చేతుల్లోకి తీసుకుంది. ఎన్నో వేల పిల్లల్ని ఎత్తిన చేతులే, ఇప్పుడు ఒక్కదాన్నీ వెంటనే కింద పెట్టలేకపోయాయి. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు ఆవిడకి.

“నా పెద్దాడికి పెళ్ళి చెయ్యలేకపోయాను గానీ పురుడు పోశాను” అంది అత్తగారు.

సాయంత్రానికి రెండు తప్ప అన్నీ బయటపడ్డాయి. మిషన్‌లో వెచ్చగా ఆరాక పసుపుపచ్చగా ఉబ్బి, అట్టపెట్టెలో బల్బు కింద చేరి అల్లరి మొదలుపెట్టాయి. పట్టీ ఖాళీ అయినా బావగారు విప్పలేదు, నడుం నొప్పి నిజంగానే తగ్గిందన్నాడు. దర్జీ ఆవిడ వచ్చి చూసి, ఈ వైద్యం ఇంకెవరికైనా కావాలేమో వీధిలో అడుగుతానంది. అత్తగారి మంచంలోవి, తన పొట్టకి కట్టుకున్నవి, పలకనివన్నీ చిన్నకోడలు గంపకెత్తి పెరటి మూలకి తీసుకెళ్ళి లోతుగా గొయ్యి తీసి పూడ్చింది. ఈసారి ఒక్కటీ పేలనివ్వదు. పూడ్చి వచ్చి చేతులు కడుక్కుని, చాలాసేపటినించీ అడగాలనుకుంటున్న మాట అడిగింది.

“మరి గది సంగతి, బావగారూ?”

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. అలాంటి మొహం ఆయన బేరం చేసేటప్పుడే పెట్టేవాడు.

“పందెం ఏంటి? నీ మిషన్ పిల్లల్ని తియ్యాలని. తీసిందా? తియ్యలేదు. తీసింది నేను. పందెం నువ్వు ఓడిపోయావు.”

న్యాయంగా చూస్తే చిన్నకోడలికి ఆయనన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు. ముఖం కందగడ్డయిపోయింది. అత్తగారు కొడుకుని తిట్టడానికి నోరు తెరిచింది.

“ఆగమ్మా, నా మాట పూర్తవలేదు” అన్నాడాయన. “గది నాది. నా గదిలో నా పిల్లలుంటాయి. కూలర్లు వాకిట్లో తడిసినా ఎండినా సరే, అవి ఆ గదిలోకి అడుగు పెట్టడానికి వీల్లేదు. గడ్డి కూడా తీసెయ్యండి. మిషన్ అక్కడే ఉంటుంది, దాన్ని నడపడం నాకు చేతకాదు, కాబట్టి అమ్మాయే నడపాలి. వచ్చే విడతకి గుడ్లు ఇంకా ఎక్కువ పెట్టాలి. ఇష్టముంటే చెయ్యమను, లేకపోతే లేదు.”

ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని చెయ్యమను అన్నాడంటే, పాత పద్ధతి మళ్ళీ గుర్తొచ్చిందన్నమాట. చిన్నకోడలు కూడా తక్కువ తిన్నది కాదు. అత్తగారి వైపు తిరిగింది.

“చేస్తానని చెప్పండత్తయ్యా. కోప్పడకుండా ఉంటేనే చేస్తానని కూడా చెప్పండి. పథ్యం ఇంకా అయిపోలేదు.”

అత్తగారు ఆ మాట కొడుక్కి చేరవెయ్యబోతుండగానే బల్బు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. వీధిలో జనం హాహాకారాలు చేశారు. పెట్టెలో పిల్లలు బెదిరి కిచకిచమన్నాయి. చిన్నకోడలు దుప్పటి కోసం లోపలికి పరుగెత్తింది. వెతికి తెచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. బావగారు పడక కుర్చీలో కళ్ళు మూసుకుని, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చొక్కా లోపల అటూ ఇటూ ఏవో పరుగులు పెడుతున్నాయి.